బేస్ బాక్సుల మీద చంటిబిడ్డ

ఉదయగిరి కొండ కింద పెళ్లి ఊరేగింపు బయల్దేరబోతోంది. ట్రాక్టర్ ట్రక్కు నిండా మనిషెత్తు బేస్ బాక్సులు, వెనకాల జనరేటర్. పెళ్లికొడుకు వచ్చి పావుగంటైంది, ఎవరూ పట్టించుకోలేదు. అందరి చూపూ డీజే అన్న చంకలోని నల్ల సంచి మీదే. దాన్ని రెండు చేతులా పొదివి పట్టుకుని ట్రక్కెక్కుతూ, "జరగండబ్బా, జరగండి" అంటున్నాడాయన. సంచిలో ఉన్నది పాత లాప్‌టాప్. అందులో పదేళ్ల పాటలు.

ముందు బొంత పరుస్తాడు. దాని మీద సోఫాలోంచి కోసిన స్పాంజి. స్పాంజి మీద సైకిల్ ట్యూబు ముక్కలతో అల్లిన ఊయల. అందులో లాప్‌టాప్‌ను పడుకోబెట్టి, మూత తెరిచి, ఓసారి చెవి ఆనించి వింటాడు. కన్నబిడ్డకు కూడా ఈయన ఏనాడూ ఇంత పక్క వెయ్యలేదని ఇంటావిడ ఫిర్యాదు.

చూసేవాళ్లకు ఇది చాదస్తం. కానీ అన్న భయానికి ఆధారం ఉంది. ఆ లాప్‌టాప్‌లోని హార్డ్ డిస్కులో అద్దంలాంటి పళ్లెం నిమిషానికి 5,400 చుట్లు, అంటే సెకనుకు 90 చుట్లు తిరుగుతుంది. పాటను చదివే ముల్లు పళ్లేన్ని తాకకుండా, వెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా లేని ఎడంలో తేలుతుంది. కింద బేస్ దడదడలాడితే ముల్లు గీత తప్పుతుంది. డిస్కు మళ్లీ చదువుతుంది, మళ్లీ తప్పుతుంది. ఈలోగా పాట నత్తి కొడుతుంది. డ్యాన్సు మధ్యలో పాట ఆగితే డీజే అన్న పరువు ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇదేమీ పల్లెటూరి భ్రమ కాదు. 2008 చివర్లో సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజనీరు బ్రెండన్ గ్రెగ్ డిస్కుల అరల ముందు నిలబడి గొంతు చించుకుని అరిస్తే, అవి జవాబివ్వడానికి తీసుకునే సమయం అమాంతం పెరగడం తెర మీద కనిపించింది. 2016లో బుకారెస్టులో ఒక బ్యాంకు డేటా సెంటర్‌లో మంటలార్పే గ్యాసును పరీక్ష కోసం వదిలితే, ఆ చప్పుడుకే డిస్కులు దెబ్బతిని గంటల తరబడి ఏటీఎంలు, కార్డులు పనిచెయ్యలేదు. ఇంకా విచిత్రమైన ముచ్చట 2022లో మైక్రోసాఫ్ట్ ఇంజనీరు రేమండ్ చెన్ చెప్పాడు. జానెట్ జాక్సన్ 1989 నాటి 'రిథమ్ నేషన్' పాట పెడితే కొన్ని పాత లాప్‌టాప్‌లు కుప్పకూలేవట. పాట పెట్టిందే కాదు, పక్కనున్నది కూడా! ఆ పాటలో ఒక స్వరం డిస్కు సహజ కంపనంతో సరిగ్గా కలిసిందని తేలాక, తయారీదారు ఆ స్వరాన్నే వడకట్టే ఏర్పాటు చేశాడు.

డీజే అన్నకు బ్రెండన్ గ్రెగ్ తెలీదు. "బేసు కొడితే లోపల ముల్లు అదురుద్దినా" అని మాత్రం చెబుతాడు. విషయం అదే.

మెత్తటి పక్కతో ఇంకో చిక్కు ఉంది. బొంత గాలి కన్నాలను మూసేస్తుంది, లాప్‌టాప్ కుంపటవుతుంది. కొన్నాళ్లు అసిస్టెంటు కుర్రాడు పెళ్లి శుభలేఖతో విసిరాడు. తర్వాత అన్న ఊళ్లోనే పరిష్కారం వెతుక్కున్నాడు. కొయ్య చెంచాలకు భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఊరాయె, గరిటెలు చెక్కే పనివాడితో నాలుగు దిమ్మెలు చెక్కించి, వాటికి అడుగున రబ్బరు అంటించి, లాప్‌టాప్ నాలుగు మూలలా పెట్టాడు. బొంత మాత్రం తియ్యలేదు.

ఊరేగింపు కదిలింది. ఉదయగిరి కోటను పట్టడానికి కృష్ణదేవరాయలకు ఏడాదికి పైనే పట్టింది. డీజే అన్న బేసు రెండు సెకన్లలో కోట గోడను కొట్టి తిరిగొచ్చింది. ట్రాక్టర్ డ్రైవరు క్లచ్ ఒదిలిన ప్రతిసారీ అన్న గుండె జారుతోంది. పెళ్లికొడుకు స్నేహితుడొకడు ట్రక్కు మీదికి ఎగబాకి, "నా, ఒక్క పాటనా" అంటూ చెయ్యి చాపాడు.

"తాకబాక రా అబ్బయా, తాకబాక!"

రాత్రి పదైంది. పది నుంచి ఉదయం ఆరు దాకా స్పీకర్లు మోగకూడదని 2000 నాటి నిబంధన. కానిస్టేబుల్ వచ్చాడు. అన్న భయం కేసు గురించి కాదు, ఆయన కోపంతో జనరేటర్ వైరు పీకుతాడేమోనని. లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. "సార్, ఒక్క నిమిషం, షట్‌డౌన్ చేసుకోనీండి" అని డీజే అన్న బతిమాలిన తీరు చూసి కానిస్టేబుల్‌కే జాలేసింది.

ఇన్ని చేసే మనిషి ఒక్క పని చెయ్యలేదు. ఆ పాటలకు రెండో కాపీ పెట్టుకోలేదు. పెన్‌డ్రైవ్‌లో వేస్తే ఎవడో కొట్టేస్తాడని అనుమానం. ఆత్మకూరు డీజే ఒకడు ఒకసారి అన్న టీ తాగేలోపు పెన్‌డ్రైవ్ గుచ్చి పాటలన్నీ లాగేసుకున్నాడని మూడేళ్లుగా అతనితో మాటల్లేవు.

చివరికి డిస్కు పోయింది. బేస్ బాక్సుల మీద కాదు, ఇంట్లో, మధ్యాహ్నం నిద్రవేళ, ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేనప్పుడు, మంచం మీద. టక్ టక్ మని రెండుసార్లు కొట్టుకుని ఊరుకుంది.

ఆత్మకూరులో కంప్యూటర్ షాపు కుర్రాడు ఎస్సెస్‌డీ వేశాడు. "దీంట్లో తిరిగేది ఏమీ ఉండదునా, నువ్వు బాక్సు మీద పెట్టి ఎగిరినా ఏం కాదు" అన్నాడు. మరి పాటలో? వినాయక నిమజ్జనం నాలుగు రోజుల్లో ఉంది. కుర్రాడే ఎవరికో ఫోన్ చేశాడు. కాసేపటికి మాటల్లేని ఆత్మకూరు డీజే బండి దిగి, తలెత్తకుండా పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టాడు.

మొదటి పాట నొక్కగానే స్పీకర్లోంచి, మూడేళ్ల కిందట డీజే అన్న సొంత గొంతుతో రికార్డు చేయించుకున్న కేక బయటికొచ్చింది: "ఫ్రమ్ ఉదయగిరీ... ఉదయగిరీ... ఉదయగిరీ!"

ఆత్మకూరాయన గోడ మీద క్యాలెండర్ చూస్తున్నాడు. "టీ తాగుతావా?" అని డీజే అన్న అడిగాడు. అడిగి, లేచేముందు, లాప్‌టాప్ మూత వేసి, పెన్‌డ్రైవ్ పీకి జేబులో పెట్టుకుని, సంచిలోంచి బొంత తీశాడు.