శ్వేతపత్రం వచ్చేదాకా చీకటే

మన రెండు రాష్ట్రాల్లో కరెంటు కంపెనీల లెక్కలు బయటికి రావాలంటే ముందు ప్రభుత్వం ఓడిపోవాలి. 2023 డిసెంబరులో తెలంగాణ కొత్త సర్కారు అసెంబ్లీలో శ్వేతపత్రం పెట్టి, విద్యుత్ రంగం అప్పు రూ.81,516 కోట్లని తేల్చింది. 2024 జూలైలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి మరో శ్వేతపత్రం విడుదల చేసి, గత పాలనలో నష్టం రూ.1.29 లక్షల కోట్లన్నారు. ఓడినవారు రెండుచోట్లా అవి కాకిలెక్కలన్నారు. శ్వేతపత్రాలన్నీ రాజకీయమేనని కొట్టిపారేసేవారి మాటలోనూ నిజముంది. కానీ కంపెనీల చట్టం ప్రకారం ప్రభుత్వ కంపెనీ వార్షిక నివేదిక, కాగ్ వ్యాఖ్యలతో సహా, శాసనసభ ముందుకు రావాల్సిందే. అది వేళకి, చదివితే అర్థమయ్యేలా వస్తుంటే ఈ తగవు పేజీ నంబరు చెప్పి తేల్చేయొచ్చు.

అర్థమయ్యేలా రాయడంలోనే చిక్కుంది మరి. తెలంగాణలో పంపుసెట్లకు మీటర్లు లేవు. కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర మీటర్లు పెట్టి, ఆ రీడింగుతో మొత్తం సాగు వాడకాన్ని అంచనా కడతారు. కొన్న కరెంటులోంచి బిల్లు వేసిన యూనిట్లనీ, ఈ అంచనానీ తీసేస్తే మిగిలేది నష్టం. అంచనా నాలుగు యూనిట్లు పెరిగితే నష్టం నాలుగు యూనిట్లు తగ్గుతుంది. ఎవరో కొక్కెం వేసి లాగిన కరెంటు కూడా రైతు పద్దులో చేరి పవిత్రమైపోవచ్చు. సర్కారు సబ్సిడీ వేళకివ్వకపోతే మేమేం చేస్తామని డిస్కంలు, అంటే కరెంటు పంపిణీ కంపెనీలు, వాపోతాయి. న్యాయమైన బాధే. ఆ బకాయి ఎంతో నివేదిక మొదటి పేజీలో పెద్దక్షరాలతో వేయడానికి అడ్డేమిటి? యజమానీ సర్కారే, బాకీదారూ సర్కారే, అదే అడ్డు.

వినియోగదారుడి లెక్కకు మాత్రం ఇలాంటి మొహమాటాలేవీ లేవు. స్పాట్ బిల్లింగ్ మిషన్ చీటీ మీద ఎనర్జీ, ఫిక్స్‌డ్, కస్టమర్ చార్జీలు, సుంకం, సర్దుబాటు, కింద గడువు తేదీ. అది దాటితే సర్‌చార్జీ. 2014-19 నాటి అదనపు ఖర్చులకు ట్రూ-అప్ (పాత లెక్కల సర్దుబాటు) పేరుతో ఆంధ్రలో 2022 ఆగస్టు నుంచి వసూలు మొదలెట్టారు. ఆనాటి చీటీల మీద అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి, కంపెనీ జ్ఞాపకశక్తి మాత్రం చెక్కుచెదరలేదు. విద్యుత్ నియంత్రణ మండలి (ఈఆర్‌సీ) బహిరంగ విచారణలున్నాయి కదా, వెళ్లి అడగొచ్చు కదా అంటారు. అడగొచ్చు, వందల పేజీల ఇంగ్లిషు దాఖలాలను ఈదగలిగితే. అయినా ఆ ఒక్క తలుపే తెరిచి ఉంది. ఏటా నవంబరు ఆఖరుకల్లా డిస్కంలు వచ్చే ఏడాది ఆదాయ అవసరాలను దాఖలు చేయాలి. ఆపై అభ్యంతరాలు కోరుతూ పత్రికల్లో ప్రకటన వేస్తారు. ఈసారి అది కనబడితే పేజీ తిప్పేయకండి. మీ అమ్మకాల్లో మీటరు చూసి రాసిందెంత, అంచనా కట్టిందెంత అని ఒక్క ప్రశ్న, తెలుగులోనే, రాసి పంపండి.