సారమేయద్వయ సూత్రం – టీకా తాత్పర్య సహితం

అవతారిక

విశాఖపట్నం నుంచి అరకులోయ దాదాపు 115 కిలోమీటర్లు. ఎస్.కోట దాటాక ఘాట్ రోడ్డు ఎత్తుకుంటుంది. అనంతగిరి కాఫీ తోటల మీదుగా మలుపులు తిరిగి, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న లోయలో వదులుతుంది. పైకెళ్ళేటప్పుడు ఖాళీగా ఉన్న డిక్కీ కిందికొచ్చేటప్పుడు కాఫీ పొడి, పసుపు, రాజ్‌మా, కొండచీపుళ్ళతో నిండటం లోకప్రసిద్ధం. ఒక్కోసారి వెనక సీట్లో అట్టపెట్టె కూడా ఉంటుంది. అందులోంచి కుయ్యిమనేది ఒక గొంతా, రెండు గొంతులా అన్నది ఈ శాస్త్రానికి విచారణీయాంశం.

శాస్త్రం అన్నాక అనుబంధ చతుష్టయం చెప్పకుండా ముందుకు పోకూడదు. విషయం: ఒకే ఈతలో పుట్టిన రెండు కుక్కపిల్లల్ని ఒకే ఇంటికి తేవడం. అధికారి: అపార్టుమెంటులో మూడో అంతస్తు, పొద్దున్నే ఆఫీసు, జాలిగుండె గల గృహస్థు. ప్రయోజనం: సోఫా రక్షణ, పొరుగువారితో సఖ్యత. సంబంధం: ఈ గ్రంథం చదవడానికీ సోఫా మిగలడానికీ మధ్య ఉన్నదే.

మూలం

“ఒకటేటి బాబూ, రెండూ అట్టుకెళిపోండి. ఒకదానికొకటి తోడుంటాయి.”

సూత్రకర్త ఒకరు కాదు. శుక్రవారం అరకు సంత నుంచి తిరిగొచ్చే దారిలో, కాఫీ తోట పక్కన టీ దుకాణం ముందు, గూడెంలో ఇంటి అరుగు మీద, ఎవరి నోటైనా పలకవచ్చు. ఇంట్లో ఆదివాసీ ఒడియానో కువినో మాట్లాడుకునే మనిషి కూడా కింద నుంచి వచ్చినవాళ్ళకి ఈ సూత్రాన్ని తెలుగులోనే ఉపదేశిస్తాడు.

పాఠాంతరాలు: “పట్టుకెళ్ళండి” అని విజయనగరం ప్రతి. “తీసుకెళ్ళండి సార్” అని రిసార్టు ప్రతి. “అట్టుకెళిపోండి” అన్నదే గ్రాహ్యం. చివరనున్న “పోండి”లో తల్లికుక్క తిరిగొచ్చేలోగా అన్న త్వర ధ్వనిస్తోంది. తక్కిన పాఠాల్లో అది లేదు.

టీక

ఒకటేటి: ఒకటి ఏమిటి, ఒకటి చాలదు అని భావం. పూర్వపక్షం ఇక్కడే లేస్తుంది. ధర్మరాజు వెంట మహాప్రస్థానంలో నడిచింది ఒకటే కుక్క. నన్నయ ఆదిపర్వంలో జనమేజయుడి తమ్ముళ్ళ చేత అన్యాయంగా దెబ్బలు తిని, ఏడుస్తూ తల్లి సరమ దగ్గరికి పరుగెత్తిన సారమేయుడూ ఒక్కడే. కాలభైరవుడిదీ ఒకటే. శిష్టాచారం ఇంత స్పష్టంగా ఉండగా రెండెందుకు?

సిద్ధాంతి వేదానికే వెళతాడు. ఋగ్వేదం పదో మండలం పద్నాలుగో సూక్తంలో యముడి వాకిలి కాసేవి రెండు కుక్కలు. రెండూ సరమ బిడ్డలే, రెంటికీ నాలుగేసి కళ్ళు. తర్వాతి గ్రంథాలు వాటిని శ్యాముడు, శబలుడు అన్నాయి. ఒక తల్లి పిల్లలు జంటగా కొలువు చేసిన ప్రమాణం ఇంతకన్నా పాతది దొరకదు. కనుబొమల మీద గోధుమరంగు చుక్కలుండే కుక్కల్ని చూసే నాలుగు కళ్ళన్నారని కొందరు పండితుల ఊహ. అలాంటి చుక్కలున్న పిల్లలు అరకు ఊళ్ళలోనూ కనిపిస్తాయి. అయితే యముడి కుక్కలకి రాత్రింబవళ్ళు పని ఉంది, నడవడానికి లోకమంత దారి ఉంది. దత్తాత్రేయుడికి నాలుగు లేవా అంటే, ఆయన అవధూత. సోఫా లేదు.

బాబూ: సంబోధన. కారు దిగినవారందరికీ వర్తిస్తుంది. కారులోనే కూర్చుని అద్దం దించినవారికి “సార్” అని వాడుక.

రెండూ: ఒకే ఈతలోవి. కుక్కకి చూలు సుమారు 63 రోజులు. ఎదకొచ్చిన ఆడకుక్క నాలుగైదు రోజుల తేడాలో పలు మగకుక్కలతో కలవగలదు కనుక, ఒకే ఈతలో పిల్లలకి వేరువేరు తండ్రులుండవచ్చు. గంపలో గోనెపట్టా మీద పడుకున్న నల్లదీ గోధుమరంగుదీ ఒక పోలికన లేవేమని ఆశ్చర్యపడనక్కర్లేదు. రెంటికీ ఉమ్మడిగా ఉండేది పొట్ట. చిన్న డోలులా బిగిసి ఉంటే అది పుష్టి కాదు, నులిపురుగులు. అవి తల్లి కడుపులోనే పిల్లలకి చేరతాయి, పాలతోనూ వస్తాయి. అందుకే రెండో వారం నుంచే పురుగుల మందు పట్టించమంటారు.

ఒక్కో పిల్లకి పాలపళ్ళు 28. రెంటికి 56. నాలుగో నెలకి అవి ఊడటం మొదలై, ఆరో నెల దాటేసరికి 42 చొప్పున 84 గట్టిపళ్ళు అవుతాయి. ఈ మధ్యకాలంలో చెప్పులు, కరెంటు వైర్లు, కుర్చీ కాళ్ళు చిగుళ్ళ దురదకి ఔషధాలు. గణితం ఇంతవరకే చాలు.

అట్టుకెళిపోండి: ఎప్పుడు? సూత్రంలో కాలనిర్దేశం లేదు. చట్టంలో ఉంది. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. గూడెంలో ఇది అమ్మకం కాదు, ఊరికే ఇవ్వడం. అయినా ఎనిమిది వారాల లెక్కకి కారణం వేరే ఉంది. తోబుట్టువుల్ని కొరికి, వాటి చేత కొరికించుకుని, ఎంత గట్టిగా కరిస్తే ఆట ఆగిపోతుందో పిల్ల నేర్చుకునేది ఆ వారాల్లోనే.

అలాగని మరీ ఆలస్యమైతే ఇంకో తలుపు మూసుకుంటుంది. అమెరికాలో జాక్సన్ ప్రయోగశాలలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ ఏళ్ళతరబడి పిల్లల్ని గమనించి 1965లో పుస్తకం వేశారు. మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా కుక్కపిల్ల లోకంతో చుట్టరికం కలుపుకునే గడువని అందులోని సారం. 1961లో ఫ్రీడ్‌మన్, కింగ్, ఇలియట్ కొన్ని పిల్లల్ని 14 వారాల దాకా మనిషి చేయి తగలకుండా పెంచి చూశారు. తోటి కుక్కలున్నా, అవి తర్వాత మనుషులకి దగ్గర కాలేదు. తోడు ఉంటే చాలదన్నమాట.

ఇదే గడువులో టీకాలు కూడా మొదలవ్వాలి. (ఈ గ్రంథానికీ వాటికీ నామసామ్యమే గాని బంధుత్వం లేదు.) ఆరు నుంచి ఎనిమిదో వారంలో పార్వో, డిస్టెంపర్లకి మొదటి సూది, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారో వారం దాకా. మూడో నెలలో రేబిస్. పార్వో సోకితే ఒకటి వాంతులు మొదలుపెట్టిన ఇంట్లో రెండోది కూడా డ్రిప్పు ఎక్కించుకునే ప్రమాదం ఎక్కువ.

ఒకదానికొకటి: అన్యోన్యాలంకారం. పరస్పరోపకారం చెబితే ఈ అలంకారమని లాక్షణికులు. ఇబ్బంది మొదలయ్యేదీ ఇక్కడే.

హాల్లో రెండు పిల్లలు. యజమాని చేతిలో బిస్కెట్టు ముక్క. “రాముడూ, రా” అంటాడు. రాముడు ముందు రాముణ్ణి పిలిచిన మనిషి వైపు చూడడు, లక్ష్మణుడి చెవుల వైపు చూస్తాడు. లక్ష్మణుడి చెవులు నిలబడితే ఇద్దరూ వస్తారు. లక్ష్మణుడు చాప కొరుకుతుంటే ఎవరూ రారు. రాముణ్ణి ఒక్కణ్ణే లిఫ్టులో కిందికి దింపితే గేటు దగ్గరే కూలబడి మూడో అంతస్తు వైపు మెడ సాచి ఏడుస్తాడు. పైన లక్ష్మణుడు తలుపు గీకుతుంటాడు. ఎదురింటివాళ్ళు బెల్లు కొడతారు. ఒకదానికి రెండోదే గురువు, దైవం, దారి అయినప్పుడు మనిషి అన్నం గిన్నె మోసే ఉద్యోగిగా మిగిలిపోతాడు. ఇద్దర్లో ఒకరు ముందుండి, రెండోవారు వెనక నక్కడం అలవాటైతే, ఆ వెనకవారికి ఒంటరిగా ధైర్యం చేసే అవకాశమే రాదు.

తోడు: ఇక్కడ వ్యాఖ్యాతలు సుందోపసుంద న్యాయం స్మరిస్తారు. సుందుడు, ఉపసుందుడు ఒక కంచంలో తిని ఒక మంచంలో పడుకున్న అన్నదమ్ములు. వారిద్దరికీ ఒకరి చేతిలో ఒకరికి తప్ప చావు లేదు. తిలోత్తమ వచ్చింది, కథ ముగిసింది. కుక్కల్లో తిలోత్తమ ఏడాది, రెండేళ్ళ ప్రాయంలో వస్తుంది. ఆమె ప్రతిసారీ ఆడకుక్కే కానక్కర్లేదు. ఎముక ముక్కైనా, మంచం పక్క చోటైనా, యజమాని ఆఫీసు నుంచి వచ్చి తలుపు తీసే క్షణమైనా కావచ్చు. అమెరికాలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయ పశువైద్యులు, ఒకే ఇంట్లో ఉంటూ కొట్లాడుకునే 38 కుక్కల జంటల్ని పరిశీలించి 2011లో ప్రకటించారు. వాటిలో 30 జంటలు రెండూ మగవో, రెండూ ఆడవో. అవన్నీ తోబుట్టువులు కావు గాని, రెండు మగపిల్లల్నో రెండు ఆడపిల్లల్నో ఎంచుకునేవారు ఈ లెక్క గుర్తుపెట్టుకోవడం మంచిది.

సరే, ఒక ఆడ, ఒక మగ తెస్తే? ఆడపిల్ల ఆరు నెలల నుంచి ఏడాదిలోపు మొదటిసారి ఎదకొస్తుంది. అన్నాచెల్లెళ్ళన్న ఎరుక కుక్కలకి మనుషుల్లా పనిచేయదు. వేళకి ఆపరేషన్ చేయించకపోతే రెండు నెలల తర్వాత ఇదే సూత్రాన్ని మన గుమ్మంలో నిలబడి మనమే పఠించాల్సి వస్తుంది.

ఉంటాయి: ఈ క్రియ మీదే వాదమంతా. తెలుగులో ఇది తద్ధర్మమూ అవుతుంది, భవిష్యత్తూ అవుతుంది. కొండ మీద చెప్పినవారు తద్ధర్మంలో చెప్పారు. అక్కడ చూసినదే చెప్పారు. గూడెంలో కుక్కపిల్లలకి గొలుసు ఉండదు, గేటు ఉండదు. ఒకటి మేకల వెంట పోతే ఇంకోటి చోడి చేనుకి పోతుంది. తల్లి ఉంటుంది, నిరుటి ఈతలోవి ఉంటాయి, పక్కింటి ముసలి కుక్క మూతి మీద కొట్టి మర్యాద నేర్పుతుంది. ఒకప్పుడు చైత్రంలో ఇటుకల పండక్కి మగవాళ్ళు వేటకి వెళితే కుక్కలూ వెంట వెళ్ళేవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటని నేరం చేసినా, పోడు చేలోకి దిగే అడవిపందుల్ని అరిచి తరిమే పని మిగిలింది. పోట్లాట వస్తే ఓడినది ఇంకో ఇంటి అరుగు చూసుకుంటుంది. రోజుకి ఇరవై మంది మనుషులు, పాతిక వాసనలు. అంత లోకం మధ్య తోబుట్టువు ఒక తోడు మాత్రమే.

అదే వాక్యం ఘాట్ దిగితే భవిష్యత్తులోకి మారుతుంది. ఫ్లాటులో పగలంతా తాళం. మిక్సీ మోత, కుక్కరు కూత, లిఫ్టు తలుపు, వీటన్నిటికీ అర్థం చెప్పే పెద్దకుక్క లేదు. ఓడినది పోవడానికి ఇంకో అరుగు లేదు. తోబుట్టువే లోకమైపోతుంది. పదం మారలేదు, ఎత్తు 900 మీటర్లు తగ్గింది.

శంకా సమాధానాలు

శంక: జంటగా పెరిగి హాయిగా ముసలివైన కుక్కలు ఊరూరా ఉన్నాయే?

సమాధానం: ఉన్నాయి. ‘లిటర్‌మేట్ సిండ్రోమ్’ అన్నది పైన చెప్పిన ఇబ్బందులకి శిక్షకుల అనుభవంలో పుట్టిన పేరు, పశువైద్యంలో స్థిరపడిన రోగనిర్ధారణ కాదు. జంట తెచ్చినవారందరికీ ఈ గతి పడుతుందని ఎవరూ నిరూపించలేదు. హాయిగా ఉన్న ఇళ్ళలో దినచర్య అడిగి చూడాలి. గిన్నెలు వేరు, పడక వేరు, షికారు వేరు, “కూర్చో” అని నేర్పే పది నిమిషాలూ వేరు. ఒకటి హాల్లో పాఠం చెప్పించుకుంటుంటే రెండోది లోపలి గదిలో ఒంటరిగా ఉండటం నేర్చుకుంటుంది. అంటే రెండు కుక్కలు తెచ్చినవారు ఒక కుక్కని రెండుసార్లు పెంచుతారు. అంత తీరిక లేనివారికి శిక్షకులు చెప్పేది, ముందు ఒకటి తెచ్చి, అది మాట వినే వయసుకొచ్చాక, ఏడాదికో ఏడాదిన్నరకో రెండోది తెమ్మని.

మతాంతరం

ఇక్కడ సూత్రకర్త పక్షాన ఇంకో వ్యాఖ్య ఉంది. ఏడాది ఆగి రెండోది తెచ్చుకుంటామంటే టీ దుకాణం ముందు మనిషి గంప వైపు చూసి, “అప్పటికి ఇదుంటాదా బాబూ?” అంటాడు. ఆ ప్రశ్నకి అంకెలు పశ్చిమ బెంగాల్లో ఉన్నాయి. ఐసర్ కోల్‌కతా పరిశోధకులు 95 ఈతల్లో పుట్టిన 364 వీధికుక్క పిల్లల్ని వెంబడించి 2016లో ఫలితాలు ప్రచురించారు. ఏడు నెలల వయసు చూసినవి 19 శాతమే. చావుల్లో 63 శాతం మనుషుల వల్ల జరిగినవి. బండ్లు, విషం, దెబ్బలు, ఎత్తుకుపోవడం. అరకు రోడ్డు మీద సెలవురోజు కార్ల బారు చూసినవారికి బెంగాల్ దాకా పోనక్కర్లేదు.

కాబట్టి “తోడుంటాయి” అన్నది హేతువు కాదు, ఒప్పించడానికి వాడిన అర్థవాదం. అసలు విధి “రెండూ అట్టుకెళిపోండి” అన్నంతవరకే. రెండోది బతకాలని వక్త కోరిక. తోడు అన్నమాట తీసుకెళ్ళేవారి జాలికి తగిలేలా వేసిన ఎర. మీమాంసకులు దీన్ని తప్పుపట్టరు.

తాత్పర్యం

బాబూ, రెండింటినీ తీసుకెళ్ళు. ఎనిమిది వారాలు నిండాయో లేదో అడిగి, పొట్ట చూసి తీసుకెళ్ళు. నీ కారులో ఒకటి, వెనక కారులో వస్తున్న మీ బావమరిది ఒళ్ళో ఒకటి. ఎంవీపీ కాలనీలో ఒక ఇల్లు, గాజువాకలో ఒక ఇల్లు. మూడో నెల రేబిస్ సూదికి ఇద్దరూ ఒకే ఆసుపత్రికి ఒకే రోజు తీసుకురండి, టీకాలన్నీ అయ్యాక ఆదివారాలు బీచిలో కలిపి వదలండి. తోడూ నిలుస్తుంది, సోఫాలూ నిలుస్తాయి. బావమరిది ఒప్పుకోకపోతే ఏం చేయాలన్నది ధర్మశాస్త్ర విషయం కనుక సారమేయ వ్యాఖ్యాతలు దాని జోలికి పోలేదు.