గ్యాస్ అయిపోయింది సార్!

అనంతపురం జిల్లాకు దేవుడు వానలో కోత పెట్టాడు గానీ గాలిలో పెట్టలేదు. నైరుతి రుతుపవనాలు ఉన్న తడంతా పడమటి కనుమల దగ్గరే పిండేసుకుని, ఈ మెట్టసీమకు చేతులూపుకుంటూ వస్తాయి. ఏడాది వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. గాలికి మాత్రం లెక్కలేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా మిద్దె మీద ఆరేసిన పంచెను పక్క వీధిలో వెతుక్కోవాలి. పండే ఈ ఒక్క పంటనైనా కోసుకుందామని 1990లలో రామగిరి కొండల మీద గాలిమరలు నిలబెట్టారు. తర్వాత ఉరవకొండ, వజ్రకరూరు, బెళుగుప్ప వైపూ లేచాయి. 2022లో జిల్లాను రెండు చేసినప్పుడు రామగిరి శ్రీసత్యసాయి జిల్లా పాలైంది. ఆ సంగతి గాలికి ఎవరూ చెప్పినట్టు లేదు, అటూ ఇటూ ఒకే తీరున వీస్తోంది.

ఇంత గాలి ఉన్న ఊళ్లో ఏప్రిల్ వచ్చిందంటే ఇంటింటా వినపడే మాట ఒకటే: "గాలే రావడం లేదప్పా!"

అనంతపురం కాలనీల్లో ఏదో ఒక ఇంట్లో రోజూ జరిగే తంతు ఇది. ఇంటాయన మెకానిక్‌కు ఫోన్ చేస్తాడు. మెకానిక్ వచ్చి ఏసీ వేసి, దాని కింద అరచెయ్యి పెట్టి, నాడి పట్టిన వైద్యుడంత గంభీరంగా కళ్లు మూసుకుంటాడు. రోగం తేలడానికి అర నిమిషం చాలు.

"గ్యాస్ అయిపోయింది సార్."

వంటింటి సిలిండర్‌లో గ్యాస్ మండుతుంది కాబట్టి అయిపోతుంది. ఏసీలోది మండదు, కాలదు. సీలు వేసిన రాగి గొట్టాల్లో లోపలికీ బయటికీ తిరుగుతూ గదిలోని వేడిని మోసుకెళ్లి పారబోస్తుంది. గొట్టం చిల్లుపడితే తప్ప చుక్క తగ్గదు. తగ్గితే ముందు చిల్లు వెతికి పూడ్చాలి, ఆ తర్వాత తూకం చూసి పట్టాలి. ఏటా ఉగాదికి పచ్చడి, ఆ వెంటనే ఏసీకి గ్యాస్ అన్నట్టు సాగుతున్న ఇంట్లో ఉన్నది లీకేజీ అయినా అయ్యుండాలి, మొహమాటమైనా అయ్యుండాలి.

ఈలోగా ఏసీ ముందు మూత ఎవరూ ఎత్తరు. ఎత్తితే రెండు జాలీలు కనపడతాయి. జాలీలని తెలియాలంటే ముందు వాటి మీది దుప్పటి తీయాలి. ఎర్రమట్టి దుమ్ము, శెనక్కాయ పొట్టు నలక, అగరుబత్తుల మసి, ఇంటిల్లిపాది తలవెంట్రుకలు కలిసి నేసిన దుప్పటి అది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే సూర్యుడు కనపడడు. టన్ను ఏసీకి నిమిషానికి సుమారు 400 ఘనపుటడుగుల గాలి ఆ జాలీ గుండానే పోవాలి. పోకపోతే లోపలి కాయిల్‌కు గది వేడి అందదు, అది సున్నా డిగ్రీల కిందికి దిగిపోతుంది, దాని మీద తేమ గడ్డకడుతుంది, ఆ గడ్డ మిగిలిన గాలినీ ఆపేస్తుంది. గ్యాస్ తగ్గినా మంచు కడుతుంది, నిజమే. అందుకే ముందు ఖర్చులేని జాలీ కడిగి చూడాలి. కానీ ఖర్చులేని వైద్యం మీద మనవాళ్లకు గురి తక్కువ.

గాలి రాకపోతే ఇంటాయన చేసే సొంత వైద్యం 16 నొక్కడం. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని కేంద్రం నిబంధన పెట్టింది. అది ఢిల్లీ మాట, రిమోట్ అనంతపురంలో ఉంది. 16 నొక్కితే కట్టుకున్న మంచు కరగదు, మూసుకున్న జాలీ తెరుచుకోదు. మీటరు మాత్రం ఉత్సాహంగా తిరుగుతుంది.

బయటి యూనిట్ కథ ఇంకో రకం. దాని పనే వేడిని ఊదేయడం. దాన్ని రెండు గోడల సందులో ఇరికించి, దొంగల భయానికి గ్రిల్లు, ఎండ భయానికి టార్పాలిన్ కడతారు. అది తాను వదిలిన వేడినే తిరిగి పీల్చుకుంటూ మే నెలంతా మూలుగుతుంది. "రెండు టన్నులది తీసుకుని ఉండాల్సింది" అని ఇంటాయన నిట్టూరుస్తాడు.

కూలర్ ఇళ్లు ఇంతకన్నా ముచ్చటైనవి. నిజానికి ఈ పొడి నేలకు పుట్టిన యంత్రం కూలరే. బయట 40 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం ఉంటే మంచి కూలర్ 26 దగ్గరి గాలినివ్వగలదు. షరతు ఒకటే: ఒక కిటికీలోంచి బయటి గాలి తీసుకోవాలి, ఇంకో కిటికీలోంచి గదిలోది పోవాలి. మనవాళ్లు కూలర్‌ను గది మధ్యలో పెట్టి తలుపులు, కిటికీలు బిగిస్తారు, "సల్లదనం బయటికి పోతాది" అని. యంత్రం తడిపిన గాలినే మళ్లీ తడుపుతుంది. రెండు గంటల్లో అనంతపురం గది మచిలీపట్నమవుతుంది, సముద్రం ఒక్కటే తక్కువ. "కిటికీ తెరువు నాయనా" అని మూలనున్న అవ్వ అంటే, "నీకు తెలీదులే అవ్వా" అని మనవడు కూలర్‌లో ఐసుగడ్డలు పోస్తాడు.

అవ్వకు తెలుసు. చౌడుమట్టి కప్పిన పాత మిద్దెలో, నడినెత్తిన గవాచి కింద కాపురం చేసిన మనిషి. వేడిగాలి పైకెక్కి ఆ కంతలోంచే పోయేది. ఇప్పటి స్లాబు ఇంట్లో వెంటిలేటర్లను ఫాల్స్ సీలింగ్ మింగేసింది.

తెరిచిన కిటికీ దగ్గర పలచటి కాగితం పట్టుకుంటే విషయం తేలిపోతుంది: కూలర్ తిరిగేటప్పుడు కాగితం బయటికి లాగినట్టు వంగాలి. వంగకపోతే కూలర్ వెనక గడ్డి చూడాలి. బోరునీళ్ల ఉప్పు తెల్లగా పొరకట్టి ఉంటే దాన్లోంచి చీమకైనా దారి దొరకదు. గడ్డి బాగుండి, ఫ్యాన్ మెల్లగా తిరుగుతుంటే కండెన్సర్ పోయిందేమో చూడాలి. ఇవేవీ చూడకుండా "ఓల్టేజీ లేదు" అని కరెంటాఫీసును తిట్టడం ఆచారం.

ఒకనాటి మధ్యాహ్నం ఇంటాయన లేని సమయంలో కోడలు స్టూలెక్కి జాలీలు రెండూ ఊడదీసి, కుళాయి కింద కడిగి, నీడన ఆరబెట్టి మళ్లీ బిగించింది. సాయంత్రం ఏసీ గాలికి క్యాలెండర్ రెపరెపలాడింది. ఇంటాయన వీధి అరుగు మీదికి వచ్చి నలుగురికీ చెప్పాడు: "పోయిన నెల పట్టించిన గ్యాసప్పా, ఇప్పటికి సెట్టయింది!"