కారణం: బాత్రూం

యాసిడ్‌తో సహా విషాల వ్యాపారానికి మనకో చట్టం ఉంది, 1919 నాటిది. లైసెన్సు నిబంధనలు మీరితే మొదటి తప్పుకు మూడు నెలల దాకా జైలు, లేదంటే 500 రూపాయల దాకా జరిమానా, జడ్జిగారికి కోపమొస్తే రెండూ. బియ్యం, బంగారం, బస్సు టికెట్టు ఎక్కడికో వెళ్లిపోయినా 2013 నాటికి కూడా ఆ 500 కదల్లేదు.

యాసిడ్ దాడికి గురైన లక్ష్మి 2006లో సుప్రీంకోర్టుకెక్కింది. యాసిడ్ అమ్మకాలపై ఉత్తర్వులు 2013 జులై 18న వచ్చాయి. కొనేవాడు ఫొటో గుర్తింపు కార్డు చూపాలి, ఎందుకు కొంటున్నాడో చెప్పాలి. అమ్మేవాడు పేరు, చిరునామా, ఎంత కొన్నాడన్నదీ రిజిస్టర్లో ఎక్కించాలి. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు అమ్మకూడదు. తన దగ్గరున్న సరుకు లెక్క పదిహేను రోజుల్లో సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు, అంటే మన ఆర్డీవోగారికి, ఒప్పజెప్పాలి. దాచిపెడితే 50,000 దాకా జరిమానా.

ఇందులో నాకు మహా నచ్చింది ‘ఎందుకు’ అన్న గడి. ముఖాన పోయడానికి అని రాసిచ్చే సత్యసంధుడి కోసం అది ఎదురుచూస్తోంది. వాడొచ్చేదాకా దేశంలోని ప్రతి యాసిడ్ సీసా బాత్రూం కోసమే.

అదైనా రిజిస్టరున్న చోటి మాట. ‘యాసిడ్, ఫినాయిల్’ అని కేకేసుకుంటూ సందుల్లో తిరిగే బండతను రిజిస్టరు ఎక్కడ పెట్టుకుంటాడు? తాగి పారేసిన నీళ్ల సీసాల్లోనే నింపి ఇస్తాడు. లేబులుండదు. ఇంట్లో పసిపిల్లలుంటే దేవుడే దిక్కు.

2022 డిసెంబరులో ఢిల్లీలో 17 ఏళ్ల అమ్మాయి మీద దాడి జరిగింది. నిందితులు యాసిడ్‌ను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నారని పోలీసులు చెప్పారు. ఇ-కామర్స్ సంస్థలకు నోటీసులు వెళ్లాయి. మనకు దేనికి కొరతొచ్చినా నోటీసులకు రాదు.

ఇన్ని తెలిసీ పద్ధతిగా అమ్ముకుందామనుకునే కొట్టాయన ఒకడుంటాడు, పాపం. లైసెన్సు దరఖాస్తు పట్టుకుని ఆఫీసుకెళితే ఇది మా సెక్షన్ కాదంటారు. ఆ సెక్షన్ గుమాస్తాగారు ఎలక్షన్ డ్యూటీలో ఉంటారు. ఆయనొచ్చేసరికి ఫైలు కనబడదు. అలాంటివారికి నాదో ఉచిత సలహా: కొట్టు మూసేసి బండి కొనుక్కోండి. తైబజారు చీటీ ఒక్కటి జేబులో ఉంటే సాయంత్రం దాకా ఎవరూ ఏమీ అడగరు.