చొక్కాకు సరిపడా మనిషి కావలెను

కంపెనీలు అడిగిన ప్రశ్నలు బోలెడు. టెండరు పిలిచిన ప్రభుత్వ శాఖ ఇచ్చిన జవాబు ఒక్కటే: టెండరు షరతుల్లో మార్పు లేదు. ప్రీబిడ్ సమావేశం ముగిశాక ఈ వారం బయటపెట్టిన పట్టికలో పైనుంచి కిందిదాకా అదే మాట. టీ, బిస్కట్లు మాత్రం అందరికీ సమానంగా అందాయట. పారదర్శకత అంటే మరేమిటి!

ఈ తతంగమంతా ఎందుకు? ప్రతి కొనుగోళ్ల విభాగానికీ ఒక దర్జీ పోస్టు మంజూరు చేస్తే సరి. ఎలాగూ జరుగుతున్నది ఆ పనే. ముందు కావలసినవాణ్ణి పిలవాలి. తలుపు వేసి ఛాతీ, నడుము, చేతి పొడవు కొలుచుకోవాలి. చొక్కా కుట్టి, గుండీలు కూడా వేశాక పేపర్లో ప్రకటన ఇవ్వాలి: ఈ చొక్కా పట్టే మనిషి కావలెను, ఎవరైనా రావచ్చు, పోటీ బహిరంగం. మెడ దగ్గర బిగుతుగా ఉందని ఎవడైనా గొణిగితే, మెడ తగ్గించుకు రమ్మనాలి.

టేపు మహిమ తెలియాలంటే వీవీఐపీ హెలికాప్టర్ల కథ చాలు. 2002 టెండరులో 6,000 మీటర్ల ఎత్తున ఎగరాలన్నారు. ఆ కొలతకు ఒక్క కంపెనీయే నిలిచింది. ఒక్కరే ఉంటే పోటీ ఏదని, 2006 నాటికి ఎత్తును 4,500 మీటర్లకు కత్తిరించారు. అక్కడితో ఊరుకున్నారా? క్యాబిన్ లోపల ఎత్తు 1.8 మీటర్లు ఉండాలని కొత్త అతుకు వేశారు. దాంతో పాతవాడు బయటికి, అగస్టా వెస్ట్‌ల్యాండ్ లోపలికి. మళ్లీ ఒక్క విక్రేతే మిగిలాడని కాగ్ 2013లో తేల్చింది. 12 హెలికాప్టర్లకు సుమారు 3,700 కోట్ల రూపాయలతో 2010లో చేసుకున్న ఒప్పందం 2014 జనవరిలో రద్దయింది. లంచాల కేసులో ఇటలీ కోర్టులు నిందితుల్ని నిర్దోషులన్నాయి. అక్కడ తీర్పు ఏదైనా, ఇక్కడి టేపు సంగతి కాగ్ నివేదికలో ఉంది.

కొలతల పుస్తకం లేక కాదు. కేంద్ర విజిలెన్స్ కమిషన్ 2002 డిసెంబరులోనే ఇచ్చింది: సగటు టర్నోవరు అంచనా విలువలో 30 శాతం ఉంటే చాలు, అలాంటి పని ఒక్కటే చేసినవాడైతే దాని విలువ 80 శాతం ఉండాలి. దర్జీకి అదో లెక్కా? ‘సరిగ్గా ఇలాంటి పనే, ఇలాంటి చోటే’ అని ఇంకో గుండీ కుడతాడు.

అలాగని టెండరుకు ముందు కంపెనీలతో మాట్లాడటం నేరం కాదు. మార్కెట్లో ఏముందో తెలియని ఇంజినీరు ఎవరో చేతికిచ్చిన బ్రోచరు చూసి స్పెసిఫికేషన్లు దించేస్తాడు. అందుకే అమెరికా ప్రభుత్వం 2011లో తన అధికారులకు, భయపడకుండా పరిశ్రమతో మాట్లాడండని పనిగట్టుకుని లేఖ రాసింది. మన దగ్గర నిజాయితీపరుడు విజిలెన్స్‌కు జడిసి ఎవరితోనూ మాట్లాడడు. రెండో రకంవాడు ఒక్కడితోనే మాట్లాడతాడు. నష్టం రెండు విధాలా జనానికే.

ముసాయిదా టెండరు ముందే అందరి ఎదుటా పెట్టడానికి అడ్డేమిటి? ఎవరు ఏ షరతు అడిగారో, ఎందుకు ఒప్పుకున్నారో, ఎందుకు కాదన్నారో రాసి సంతకం పెట్టడానికి చేతులు రావా? ఒకే ఒక్క బిడ్డు వచ్చినప్పుడు వాడు అడిగిన ధర కట్టేది షరతులు రాసిన అధికారి జీతంలోంచి కాదు. ఆ షరతు ఎవరు పెట్టించారని సమాచార హక్కు కింద అడిగితే వాణిజ్య గోప్యత అంటారు. ఎవరి వాణిజ్యమయ్యా అది? డబ్బు జనానిది.