ఊరి సైటు కట్టాలా? ముందు దాన్ని పాడు చేయండి

మన ఊరు మెండోర పేరుతో ఒక వెబ్‌సైటు కట్టాలనుకునే పిల్లలకు ఈ సలహాలు. వినడానికి తలకిందులుగా ఉంటాయి, కానీ ఇలాగే చేయండి. పనిముట్టు వర్డ్‌ప్రెస్. 2003లో మ్యాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ మొదలుపెట్టారు. పైసా కట్టక్కర్లేదు, దాని కోడ్‌ను ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు.

1. నెట్‌లో పెట్టకండి. హోస్టింగ్ ఇప్పుడే కొనొద్దు. మీ కంప్యూటర్‌లో జాంప్ (XAMPP) వేసుకుంటే వర్డ్‌ప్రెస్ నడవడానికి కావలసిన అపాచీ, మరియాడీబీ, పీహెచ్‌పీ మూడూ వచ్చేస్తాయి. డబ్బు కట్టినవాళ్లు భయపడి ఏదీ ముట్టుకోరు. ముట్టుకోకుండా ఏ పనీ రాదు.

2. చేతులారా చెడగొట్టండి. కాన్ఫిగ్ ఫైల్లో డేటాబేసు పేరులో ఒక్క అక్షరం మార్చండి, సైటు పోతుంది. సరిచేయండి, తిరిగొస్తుంది. తర్వాత థీమ్ ఫోల్డరు పేరు మార్చండి. రూపం పోయినా మీ రాతలు డేటాబేసులో భద్రంగానే ఉంటాయి. ఫొటోలుండేది అప్‌లోడ్స్ ఫోల్డరులో. బ్యాకప్ అంటే రెండూ తీసుకోవాలని అప్పుడు మీకే అర్థమవుతుంది.

3. థీమ్‌ల జోలికి పోకండి, రాయండి. పోచంపాడు దగ్గర 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు, 2016లో మెండోర మండలమైన సంగతి, పసుపు తవ్వి ఉడకబెట్టి ఆరబోసే తీరు రాయండి. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు ఫోన్లో వెతికేది వీటినే. పది పేజీలయ్యాక ఎలాంటి థీమ్ కావాలో ఆ పేజీలే చెబుతాయి.

4. ఉన్నదాన్నే మళ్లీ టైపు చేయండి. డీటీపీ షాపులో అనూ ఫాంటుతో కొట్టిన కరపత్రాన్ని తెచ్చి అతికిస్తే పిచ్చి గుర్తులే కనిపిస్తాయి. మార్చిపెట్టే కన్వర్టర్లున్నాయి. అయినా యూనికోడ్‌లో మీరే కొట్టండి. తప్పులు దొరుకుతాయి, వాక్యం బాగుపడుతుంది.

5. తెలుగు శీర్షికకు ఇంగ్లీషు అక్షరాల లింకు ఇవ్వండి. లింకులో ఒక్కో తెలుగు సంకేతం (అక్షరమైనా, గుణింతపు గుర్తయినా) తొమ్మిది గుర్తులుగా మారుతుంది. 200 గుర్తులు దాటితే వర్డ్‌ప్రెస్ కోసేస్తుంది. అంటే 22 సంకేతాలకే లింకు తెగిపోతుంది. వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తుల వరుస చూసి ఎవరూ నొక్కరు. లింకు చివరి భాగాన్ని రాసే స్లగ్ గడిలో ఇంగ్లీషు అక్షరాలతో చిన్న మాట మీరే రాయండి.

6. పెత్తనం పంచండి. సైటు ఆన్‌లైన్‌కు వెళ్లిన రోజే ఇంకో ఇద్దరికి ఎడిటర్ ఖాతాలివ్వండి, ఒకరికి అడ్మిన్ పని కూడా నేర్పండి. ఒక్కరి చేతిలోనే ఉన్న ఊరి సైటు, ఆ ఒక్కరు దుబాయికి పోతే ఆగిపోతుంది.