‘నో ఇంటర్నెట్, సెక్యూర్డ్’: టీకా తాత్పర్య సహితం

మూలం: నో ఇంటర్నెట్, సెక్యూర్డ్.

అవతారిక. అక్షరాలు కొద్దిగా ఉండాలి, సందేహానికి తావుండకూడదు, సారముండాలి అని పెద్దలు సూత్రానికి చెప్పిన లక్షణాలలో మొదటిది మాత్రమే దక్కించుకున్న ఈ సూత్రం, విండోస్ 10 నడిచే డెస్క్‌టాప్ తెర మీద, కుడివైపు అడుగున గడియారం పక్కనున్న వైఫై గుర్తును నొక్కినవారికి దర్శనమిస్తుంది. దీనికి వ్యాఖ్య ఇంతవరకు వెలువడకపోవడం ఓరుగల్లుకు తగదు. అక్కడే కాకతి ప్రతాపరుద్రుని ఆస్థానంలో విద్యానాథుడు ప్రతాపరుద్రీయమనే అలంకారశాస్త్రం రచించగా, తరువాతి కాలంలో మల్లినాథసూరి కుమారుడు కుమారస్వామి దానికి రత్నాపణమనే వ్యాఖ్య సంతరించాడు. ఏ అలంకారానికి ఉదాహరణ కావలసివచ్చినా విద్యానాథుడు తన ప్రభువు మీదనే శ్లోకం అల్లుకున్నాడు. నెట్టు పోయిన రోజున సైతం తమ వేగాన్ని తామే కీర్తించుకుంటూ సందేశాలు పంపే కంపెనీలు ఆ మార్గాన్ని ఈనాటికీ నిలబెడుతున్నాయి.

పదార్థం. ‘నో’ సుగమం. ‘ఇంటర్నెట్’ ప్రసిద్ధం. కాబట్టి మూలంలో లేని ‘వైఫై’ శబ్దాన్ని విచారించవలసి ఉంది. ఆధారం లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని మల్లినాథుడు పెట్టుకున్న నియమం ఆయనకే చెల్లింది. వండేవాడు పాచకుడైనట్లు అవయవాల నుండి అర్థం పుడితే ఆ శబ్దం యౌగికం. బురదలో పుట్టినవి ఎన్ని ఉన్నా పంకజమనగానే తామర ఒక్కటే తోస్తే యోగరూఢం. వైఫై ఈ రెండింటిలోనూ ఇమడదు. ‘వైర్‌లెస్ ఫిడెలిటీ’ అనే మాటకు ఇది పొట్టి రూపమని పలువురు నమ్ముతారు గాని, 1999లో ఆ పరికరాల తయారీదారుల కూటమి, 802.11 అనే అంకె జనం నోట నిలవదని, ఇంటర్‌బ్రాండ్ అనే నామకరణ సంస్థ చేత ఈ పేరు పెట్టించింది; ఫిడెలిటీ ముచ్చట ప్రచార వాక్యంలో ఆ తరువాత వచ్చి చేరింది. బిడ్డ పుట్టాక తండ్రిని వెతికినట్టు, ఇక్కడ శబ్దం తరువాత వ్యుత్పత్తి పుట్టింది. కనుక ఇది వైయాకరణులు చెప్పే యదృచ్ఛాశబ్దం, అంటే పెట్టినవాడి ఇష్టం తప్ప వేరే కారణం లేని పేరు. కొయ్య ఏనుగుకు డిత్థమని, కొయ్య లేడికి డవిత్థమని వారు చూపిన ఉదాహరణలు జగత్ప్రసిద్ధాలు. అయితే కొయ్య ఏనుగు కదలదని అందరికీ ముందే తెలుసు, పైగా దాని పేరు చెప్పి నెలనెలా బిల్లు వసూలు చేసేవారు లేరు.

ఆక్షేపం. ఇంటర్నెట్టే లేనప్పుడు భద్రంగా ఉన్నదేమిటి? ఖాళీ గాదెకు తాళమా?

సమాధానం. దారి రెండు అంచెలు. కంప్యూటర్ నుండి రౌటర్ దాకా గాలి, రౌటర్ నుండి వీధి స్తంభం దాకా తీగ. ‘సెక్యూర్డ్’ అన్నది మొదటి అంచెకే చెందుతుంది. పాస్‌వర్డ్ కుదిరింది, నడుమ సాగే మాట గుప్తలిపిలో సాగుతోంది అని దాని భావం. ‘నో ఇంటర్నెట్’ అన్నది ప్రత్యక్షం కాదు, అనుమానప్రమాణం. విండోస్ తన తయారీదారు సర్వర్ నుండి ఒక చిన్న ఫైలు తెప్పించుకుంటుంది. అందులో ‘మైక్రోసాఫ్ట్ కనెక్ట్ టెస్ట్’ అనే మూడు మాటలు తప్ప మరేమీ ఉండవు. అవి రాకపోతే లోకంలో ఇంటర్నెట్టే లేదని తీర్మానిస్తుంది. పొగ లేదు గనుక నిప్పు లేదనడం ఎంత తప్పో తార్కికులు కాలిన ఇనుపగుండును చూపి ఏనాడో చెప్పారు; ఆ ఒక్క చిరునామాకే దారి మూసుకుపోయి మిగిలిన సైట్లన్నీ తెరుచుకునే సందర్భాలు ఉన్నాయి.

కర్తృవిచారం. ఈ వాక్యంలో కర్త లేడు. ఎవరి వల్ల లేదు, ఎక్కడ తెగింది అన్న ప్రశ్నలకు జవాబులో సగం కంప్యూటర్ దగ్గరే ఉంది. ఐపీ చిరునామా 169.254తో మొదలైతే, రౌటర్ చిరునామా ఇవ్వకపోగా కంప్యూటర్ తనకు తానే ఒకటి తగిలించుకుందని, అంటే చిక్కు ఇంటిలోపలిదని అర్థం; 192.168తో మొదలై, ఫైబర్ పెట్టె మీద ఎల్ఓఎస్ దీపం ఎర్రగా కొట్టుకుంటుంటే తప్పు వీధిలో ఉంది. ఇంత తెలిసి ఒక్క మాట చెప్పని యంత్రం, ‘ట్రబుల్‌షూట్’ నొక్కితే చాలాసేపు పచ్చగీత సాగదీసి, సమస్యను గుర్తించలేకపోయామని వినయం నటిస్తుంది. హనుమకొండలో గృహస్థు బల్ల కిందికి దూరి, సీపీయూ ఇనుప డబ్బా వెనుక గోడకు ఆనుకుని, బూజు పట్టి ఉన్న వైఫై డాంగిల్‌ను పీకి, సిగ్నల్ అందేలా ముందువైపు యూఎస్‌బీలో గుచ్చి, మోకాళ్ల దుమ్ము దులుపుకుని ఫోన్ చేస్తే, అవతలి కంఠం అంతా విని “ఒక్కసారి రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్” అంటుంది. నాలుగుసార్లు చేశామన్నా ఐదోసారి చేయించనిదే కంప్లైంట్ రాసుకోరు. ఇది ఏ శాస్త్రం?

తాత్పర్యం. మీ ఇంట్లో దొంగలు పడే భయం లేదు, ఎందుకంటే దారి తెగింది.

పాఠాంతరం. ‘కనెక్టెడ్, సెక్యూర్డ్’ అని కొన్ని తెరలలో, విశేషించి లైన్‌మన్ గుమ్మంలో నిలబడి చూస్తున్నప్పుడు, కనబడుతుంది.